కొత్త కుక్కపిల్లను దూరప్రాంతం నుంచి ఇంటికి తెచ్చుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, కొరాపుట్, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉండే తెలుగువాళ్లం కుక్కపిల్లను కొనాలన్నా, దత్తత తీసుకోవాలన్నా ఎక్కువసార్లు విశాఖపట్నం, భువనేశ్వర్, హైదరాబాద్ వైపు చూడాల్సిందే. దగ్గర్లో దొరకనప్పుడు అమ్మేవాళ్లు చెప్పే మాట ఒకటుంది: "రాత్రి బస్సుకి వేసేస్తాం, పొద్దున్న వెళ్లి తీసుకోండి." ఈ పేజీ రాయడానికి కారణం ఆ మాటే. రెండు నెలల పిల్ల మొదటిసారి తల్లిని విడిచి వస్తున్నప్పుడు దాని పక్కన ఒక మనిషి ఉండాలి. మిగతా జాగ్రత్తలన్నీ ఆ తర్వాతే.

ఎన్ని రోజుల పిల్లను తెచ్చుకోవచ్చు? 35 రోజులకే తీసుకెళ్లమంటున్నారు.

8 వారాలు నిండాకే. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాల లోపు పిల్లను అమ్మకూడదు. పిల్లలు పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకుని ఉండాలి కూడా. ఆ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

"చిన్నప్పుడే తీసుకెళ్తే మీకు బాగా అలవాటవుతుంది" అంటారు. నమ్మొద్దు. ముందే అమ్మేస్తే వాళ్లకి మేత ఖర్చు, టీకా ఖర్చు మిగులుతాయి, అంతే. ఆ ఆఖరి మూడు వారాల్లోనే పిల్ల తన తోబుట్టువులతో కొట్లాడుతూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో తెలుసుకుంటుంది. ఆ చదువు మధ్యలో ఆపేసి తెచ్చిన పిల్ల తర్వాత మీ పిల్లల చేతులు, కాళ్లు గట్టిగా పట్టేస్తుంది. ఒంట్లో సత్తువ కూడా తక్కువ ఉంటుంది కాబట్టి పన్నెండు గంటల ప్రయాణం దానికి పెద్ద గండమే.

వయసు విషయంలో అనుమానం ఉంటే నోరు తెరిచి చూడండి. 8 వారాలకి మొత్తం 28 పాలపళ్లు వచ్చేసి ఉంటాయి. ముందు పళ్లు, కోరలు మాత్రమే కనిపిస్తూ వెనక దవడ ఇంకా బోసిగా ఉంటే చెప్పిన వయసు అబద్ధం.

టీకా వేయించి తేవాలా, తెచ్చాక వేయించుకోవాలా?

మొదటి డోసు అక్కడే పడాలి. వేసిన రోజే బయల్దేరొద్దు, కనీసం ఒక వారం ఆగండి. టీకా పడిన వెంటనే రక్షణ రాదు, కొన్ని రోజులు పడుతుంది. పైగా టీకా తర్వాత ఒకటి రెండు రోజులు పిల్ల కాస్త నలతగా ఉండొచ్చు. ఆ నలత మీద ప్రయాణం పెడితే దేనివల్ల ఏమైందో డాక్టర్‌కి కూడా తేల్చడం కష్టం.

మామూలుగా మొదటి డోసు 6 నుంచి 8 వారాల మధ్య వేస్తారు. అందులో డిస్టెంపర్, పార్వో (వాంతులు, రక్త విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు), కాలేయానికి వచ్చే హెపటైటిస్ లాంటి జబ్బులకి రక్షణ ఉంటుంది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున 16 వారాలు నిండేవరకు బూస్టర్లు వేయాలి. రేబిస్ టీకా 3 నెలలు నిండాక. అంటే 8 వారాల పిల్లకి రేబిస్ టీకా పడి ఉండదు. ఈ సంగతి కింద మళ్లీ వస్తుంది. నులిపురుగుల మందు మాత్రం 2 వారాల వయసు నుంచే మొదలుపెట్టి ఉండాలి. ఎప్పుడెప్పుడు వేశారో తారీఖులతో రాయించుకోండి.

ఏయే కాగితాలు దగ్గర ఉంచుకోవాలి?

టీకాల పుస్తకం, ప్రయాణానికి పనికొస్తుందని పశువుల డాక్టర్ ఇచ్చే హెల్త్ సర్టిఫికెట్, కొన్నట్టు రసీదు. దత్తత అయితే ఇచ్చినవాళ్ల సంతకంతో ఒక చీటీ. 1978 నాటి జంతువుల రవాణా నిబంధనల ప్రకారం కుక్కను రైల్లోగానీ, రోడ్డు మీదగానీ, విమానంలోగానీ తీసుకెళ్లాలంటే అంటుజబ్బు లక్షణాలు లేవని, రేబిస్ ఆనవాళ్లు లేవని డాక్టర్ రాసిచ్చిన కాగితం ఉండాలి. బయల్దేరడానికి ఒకటి రెండు రోజుల ముందు తీసుకుంటే ఎక్కడా పేచీ ఉండదు. రెండు రాష్ట్రాల మధ్య ప్రయాణం కాబట్టి అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్‌లో కూడా ఫొటోలు తీసి ఉంచుకోండి.

టీకా సీసా మీద ఉండే చిన్న స్టిక్కర్ పుస్తకంలో అంటించి ఉందా, పక్కన డాక్టర్ సంతకం ఉందా చూడండి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో తారీఖు ఒక్కటే రాసి ఉంటే టీకా పడలేదన్నట్టే లెక్క. మీ డాక్టర్‌కి ఆ మాట ముందే చెప్పండి.

రాత్రి బస్సులో వేసి పంపిస్తామంటున్నారు. సరేననొచ్చా?

వద్దు. ఎంత తెలిసినవాళ్లు చెప్పినా వద్దు.

బస్సులో వేయడమంటే చాలావరకు డిక్కీలో వేయడమే. అట్టపెట్టెకి నాలుగు కన్నాలు పెట్టి, పైన తాడు కట్టి, మన ఫోన్ నంబర్ రాసి, సామాన్ల మధ్య నెట్టేస్తారు. అక్కడ గాలి ఆడదు, ఏసీ రాదు, పక్కనే ఇంజిన్ వేడి, డీజిల్ వాసన. బండి కుదిపినప్పుడల్లా సంచులు మీద పడతాయి. డ్రైవర్‌కి పిల్ల ఏడుపు వినిపించదు, వినిపించినా ఘాట్ రోడ్డులో బండి ఆపి చూసే తీరిక ఉండదు. ఆ పెట్టెలో పిల్ల అక్కడే మూత్రం పోసుకుని, ఆ తడిలోనే వణుకుతూ తెల్లారేదాకా ఉంటుంది. తెల్లారి మీరు పెట్టె విప్పేసరికి బతికే ఉండొచ్చు. కానీ సరిగ్గా ఆ వయసులో పడ్డ భయం అంత తేలిగ్గా పోదు. తర్వాత ఏ బండి చూసినా దాక్కునే కుక్క, చీకటి పడితే వణికే కుక్క మీకు మిగులుతుంది.

మనిషితో పాటు బస్సులో తేవడం వేరే సంగతి. చిన్న క్రేట్ (కుక్కని పెట్టి తీసుకెళ్లే, గాలి కన్నాలున్న బోను) ఒళ్లో గానీ కాళ్ల దగ్గర గానీ పెట్టుకోనిస్తారేమో టికెట్ తీసే ముందే అడగాలి. రాత్రి బస్సులో ఎక్కాక గొడవపడి ఏ పలాసలోనో దిగిపోవాల్సి వస్తే ఇద్దరికీ అవస్థే. పగటి బస్సు, ముందు వరస సీటు, బస్సు కదిలే ముందు కండక్టర్‌తో ఒక మాట. ఇలా వస్తే పర్వాలేదు.

రైల్లో?

వీలుంది, కానీ చాలామంది అనుకున్నంత తేలిక కాదు. పెద్ద కుక్కను మనతో పాటు పెట్టెలో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీ లేదా ఫస్ట్ క్లాసులో రెండు బెర్తుల కూపే గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరు మీదే ఉండాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్ కార్‌లలో కుక్కకి అనుమతి లేదు. కూపే అడిగినా అది మనకే ఇచ్చారో లేదో చార్ట్ తయారయ్యాకే తెలుస్తుంది. రైల్వే నిబంధనల్లో బుట్టలో పెట్టి తెచ్చే చిన్న పిల్లకి వేరే చార్జీ ఉంది. ఏదైనా సరే, ఎక్కే స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసుకి ముందే వెళ్లి బుక్ చేయించి రసీదు చేతిలో పెట్టుకోవాలి. రసీదు లేకుండా దొరికితే మామూలు చార్జీకి ఆరు రెట్లు కట్టిస్తారు. తోటి ప్రయాణికులు అభ్యంతరం చెబితే కుక్కను గార్డు ఉండే బ్రేక్ వ్యాన్‌కి పంపేయొచ్చు కూడా.

బ్రేక్ వ్యాన్‌లో డాగ్ బాక్స్ అని ఒకటుంటుంది. పెద్ద కుక్కలకే అది కష్టం. రెండు నెలల పిల్లని అందులో వేయమని మేం ఎవరికీ చెప్పం. మీరు ఒక పెట్టెలో, అది బండి చివర ఇనుప గదిలో. దాన్ని చూడటానికి రాయగడలో ఆగే నాలుగైదు నిమిషాల్లో ప్లాట్‌ఫాం అంతా పరిగెత్తాలి.

హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్న బరంపురం వాళ్లకి బండ్లు ఎక్కువ కాబట్టి ఫస్ట్ ఏసీ ఉన్న బండి వెతుక్కోవడం సులువు. విజయనగరం మీదుగా రాయగడ, కొరాపుట్ వైపు వచ్చేవాళ్లు టికెట్ తీసే ముందే ఆ బండికి ఫస్ట్ ఏసీ పెట్టె ఉందో లేదో చూసుకోండి. లేకపోతే విశాఖ వరకు రైలు, అక్కడి నుంచి కారు. ఈ దారి మాకు తెలిసిన చాలా ఇళ్లకి బాగా పనికొచ్చింది.

కారులో అయితే ఎలా కూర్చోబెట్టాలి? ఒళ్లో పెట్టుకుంటే చాలదా?

ఒళ్లో పెట్టుకోవాలనే అందరికీ ఉంటుంది. అయితే సడన్ బ్రేక్ వేస్తే మీ చేతుల్లోంచి పిల్ల ముందు అద్దానికి వెళ్లి తగులుతుంది. డ్రైవర్ ఒళ్లో అయితే బ్రేక్ కిందకి దూరిపోయినా ఆశ్చర్యం లేదు. క్రేట్ కావాల్సిందే. ప్లాస్టిక్‌ది, పక్కల గాలి కన్నాలున్నది, పిల్ల లేచి నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకోగలిగినంత ఉంటే సరిపోతుంది. మరీ పెద్దది కొనొద్దు. మలుపుల్లో పిల్ల అటూ ఇటూ జారి గోడలకి కొట్టుకుంటుంది.

లోపల ఇలా సర్దండి. అడుగున పాత పేపర్లు నాలుగైదు పొరలు. వాటి మీద చిన్నపిల్లలకి వాడే డైపర్ షీట్ గానీ, మందపాటి టర్కీ టవల్ గానీ. దాని మీద తల్లి పడుకున్న గుడ్డ ముక్క ఒకటి. ఈ గుడ్డ ముక్క కోసం ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలి, వెళ్లాక అడిగితే ఉతికినది ఇచ్చేస్తారు. ఉతికిన గుడ్డతో పని లేదు, దాని వాసనే కావాలి. పిల్ల ముక్కు ఆ గుడ్డలో దూర్చి పడుకుంటే దారి సగం గడిచినట్టే.

క్రేట్‌ని వెనక సీటు కింద, ముందు సీటు వెనకాల నేల మీద పెట్టండి. కదలకుండా ఒక తలగడ దన్ను పెట్టండి. సీటు మీద పెడితే సీటు బెల్టుతో బిగించండి. పక్కన ఒకరు కూర్చుని అప్పుడప్పుడు తలుపు సందులోంచి వేలు పెట్టి తగలనిస్తే చాలు. ఏడ్చిన ప్రతిసారీ బయటికి తీయకండి. మొదటి అరగంట ఏడుస్తుంది, తర్వాత బండి ఊపుకి నిద్రపోతుంది. పాటలు పెద్దగా పెట్టొద్దు, ఏసీ గాలి నేరుగా క్రేట్ మీదకి రానివ్వొద్దు.

డ్రైవింగ్ చేసేవాళ్లు, పిల్లని చూసుకునేవాళ్లు వేరువేరుగా ఉండాలి. ఒక్కళ్లే వెళ్లి తెచ్చుకోవాలనుకోకండి.

మాది కొరాపుట్. సాలూరు దాటాక ఘాట్‌లో మనుషులకే వాంతులవుతాయి. కుక్కపిల్ల సంగతేంటి?

దానికీ అవుతాయి, ఇంకా ఎక్కువే అవుతాయి. పిల్లల్లో చెవి లోపల ఒళ్లు తూలకుండా చూసే భాగం ఇంకా పూర్తిగా ఎదగదు. అందుకే పెద్ద కుక్కల కన్నా పిల్లలకే బండి పడదు. చాలావాటికి పెద్దయ్యాక ఈ బాధ పోతుంది.

వాంతికి ముందు గుర్తులు కనిపిస్తాయి. మూతి మాటిమాటికీ నాక్కుంటుంది. చొంగ కారుతుంది, గడ్డం కింద బొచ్చు తడిసిపోతుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. గుటకలు మింగుతూ ఒక మూల ముడుచుకుంటుంది. ఇవి చూడగానే బండి పక్కకి తీసి, అద్దాలు దింపి, పది నిమిషాలు ఆగండి. సాలూరులో ఒకసారి, సుంకి దాటాక ఒకసారి ఆగితే ఆ ఘాట్ బాగానే గడుస్తుంది. తప్తపాణి ఘాట్ మీదుగా మోహన వైపు వెళ్లేవాళ్లకి, లక్ష్మీపూర్ ఘాట్ మీదుగా రాయగడ, కొరాపుట్ మధ్య తిరిగేవాళ్లకి కూడా ఇదే మాట. మలుపుల్లో 30 దాటకుండా నడిపితే సగం బాధ తగ్గుతుంది. ఇంటికి ఓ గంట ఆలస్యంగా చేరితే కొంపలేం మునగవు.

వాంతి చేసుకుంటే పైపొర పేపర్లు తీసేసి, మూతి తడిగుడ్డతో తుడిచి, రెండు చెంచాల నీళ్లు పట్టండి. వెంటనే తిండి పెట్టొద్దు.

వాంతులు కాకుండా అవోమిన్ వేయొచ్చా? నిద్రమాత్ర?

మీ అంతట మీరు ఏదీ వేయొద్దు. రెండు కిలోల పిల్లకి మనుషుల మాత్రలో ముక్క కూడా ఎక్కువైపోవచ్చు. మత్తులో ఉన్న పిల్ల వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. విమానం వాళ్లయితే మత్తుమందు ఇచ్చిన కుక్కని ఎక్కించుకోరు. కుక్కలకి వాంతి రాకుండా వేసే మందులు వేరే ఉన్నాయి, కావాలంటే హెల్త్ సర్టిఫికెట్ రాసే డాక్టరే వయసూ బరువూ చూసి ఇస్తారు. జ్వరమనో నొప్పి అనో పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ అస్సలు వేయకండి, కుక్కలకి అవి విషం కావొచ్చు.

దారిలో ఏం పెట్టాలి?

అక్కడ ఏం తింటోందో అదే. ఒక వారానికి సరిపడా అక్కడి తిండే అడిగి తెచ్చుకోండి. పెడిగ్రీ లాంటి ప్యాకెట్ తిండి తింటున్న పిల్లకి ఇంటికి రాగానే ముద్దుగా పాలన్నం పెడితే రాత్రికే విరేచనాలు మొదలవుతాయి. ఆవుపాలు, గేదెపాలు చాలా పిల్లలకి అరగవు. మార్చాలనుకుంటే వారం పది రోజుల్లో పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.

బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు కొద్దిగా పెట్టండి. నిండా పెట్టొద్దు. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి ఆగినప్పుడు గుప్పెడు. "వాంతి చేసుకుంటుంది కదా" అని రోజంతా పస్తు పెట్టేవాళ్లున్నారు, అది వాంతి కన్నా ప్రమాదం. పోమెరేనియన్, షిట్జూ, చివావా లాంటి చిన్న జాతుల పిల్లలకి కొన్ని గంటలు తిండి లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. నీళ్లు ప్రతి గంటన్నర, రెండు గంటలకి చూపించండి. ఇంటి నుంచి తీసుకెళ్లిన కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. హోటల్ దగ్గర ఇడ్లీ, చపాతీ, బిస్కెట్ ఎవరు ఇచ్చినా వద్దనండి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ వేసిన కూర దగ్గరికి రానివ్వొద్దు.

ఆగినచోట కిందికి దింపి ఒకటికి, రెంటికి తిప్పొచ్చా?

జనం ఆగేచోట దింపొద్దు. దాబాల ముందు, పెట్రోల్ బంకుల పక్కన, కాంప్లెక్స్‌లో, ప్లాట్‌ఫాం మీద అసలే వద్దు. అక్కడ ఊరకుక్కలు తిరుగుతాయి, పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. టీకాలు పూర్తి కాని పిల్లకి ఆ మట్టి నాకినా చాలు. క్రేట్‌లోనే పేపర్ మార్చడం మేలు. లేదంటే కారు వెనక డిక్కీ తెరిచి అందులో పేపర్ పరిచి దింపండి. మెడకి బెల్టు తగిలించకుండా మాత్రం ఎక్కడా తలుపు తీయొద్దు.

విమానంలో తేవచ్చా?

హైదరాబాద్, బెంగళూరు, ఢిల్లీ నుంచి తెచ్చేవాళ్లు విశాఖకో భువనేశ్వర్‌కో విమానంలో వచ్చి అక్కడి నుంచి కారు ఎక్కొచ్చు. ఎయిర్ ఇండియా, ఆకాశ ఎయిర్ పెంపుడు కుక్కల్ని తీసుకెళ్తాయి. క్రేట్‌తో కలిపి బరువు వాళ్ల పరిమితి లోపల ఉంటే మనతో పాటు క్యాబిన్‌లోనే, ఎక్కువైతే కింద కార్గోలో. ఇండిగో గైడ్ డాగ్స్ లాంటివాటిని తప్ప పెంపుడు జంతువుల్ని ఎక్కించుకోదు. బరువు పరిమితి, చార్జీ మారుతుంటాయి కాబట్టి టికెట్ తీయకముందే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఆ విమానంలో కుక్కకి చోటు ఖాయం చేయించుకోండి. ముందు టికెట్ తీసి తర్వాత అడిగితే చిక్కుల్లో పడతారు.

పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఊపిరి ఆడటమే కష్టం. వాటిని కార్గోలో వేయడానికి చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా మీరు ఒప్పుకోవద్దు.

ఎండాకాలంలో తెస్తే ఏమవుతుంది?

ఏప్రిల్, మే నెలల్లో వాయిదా వేసుకోగలిగితే వేసుకోండి. తప్పకపోతే తెల్లవారుజామున 4 గంటలకి బయల్దేరి పది, పదకొండు గంటలకల్లా ఇల్లు చేరేలా చూసుకోండి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చి వేడి తగ్గించుకుంటుంది. పిల్లలకి ఆ శక్తి ఇంకా తక్కువ. టిఫిన్‌కి ఆగి ఏసీ ఆపేసి, అద్దాలు మూసి పిల్లని కారులో వదలొద్దు. బయట 30 డిగ్రీలున్నా పది నిమిషాల్లో లోపల 40 అవుతుంది. అద్దం కొద్దిగా దించి ఉంచినా తేడా పెద్దగా ఉండదు. ఒకరు తిని వచ్చాక ఇంకొకరు వెళ్లండి.

చలికాలంలో కొరాపుట్, సునాబెడ, దారింగిబాడి వైపు రాత్రిళ్లు బాగా చలి. క్రేట్ పైన సగం వరకు దుప్పటి కప్పండి, గాలి కన్నాలు మూయకండి. దీపావళి వారంలో కొత్త పిల్లని తేవడం మానుకోండి. టపాసుల మోత దాని మొదటి జ్ఞాపకం కాకూడదు.

మేం వెళ్లలేం. ఎవరైనా తెచ్చిపెట్టే మనుషులున్నారా?

కుక్కల్ని ఏసీ కారులో తెచ్చిపెట్టే పనివాళ్లు పెద్ద ఊళ్లలో ఉన్నారు. కొందరు చాలా బాగా చేస్తారు. మాట్లాడేటప్పుడు ఇవి అడగండి: ఒకే బండిలో ఎన్ని కుక్కలు వస్తాయి, వేరే ఇళ్ల పిల్లలతో కలిపి తెస్తారా, ఒక ట్రిప్‌కీ ఇంకోదానికీ మధ్య క్రేట్లు దేనితో కడుగుతారు, దారిలో ఎన్నిసార్లు వీడియో పంపుతారు. కలిపి తెచ్చే బండిలో ఒక పిల్లకి పార్వో ఉంటే మిగతావాటికీ రావొచ్చు. మీదొక్కటే తెచ్చేవాళ్లకి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి.

డబ్బుల మోసాలు కూడా ఇక్కడే జరుగుతాయి. ముద్దొచ్చే ఫొటో పెట్టి, చాలా తక్కువ రేటు చెప్పి, అడ్వాన్స్ వేయించుకుంటారు. మర్నాడు పిల్ల ఎయిర్‌పోర్టులో ఉందంటారు, బోనుకి డబ్బు కట్టాలంటారు, తర్వాత ఇన్సూరెన్స్, తర్వాత టీకా సర్టిఫికెట్, అన్నీ తిరిగి ఇచ్చేస్తామంటారు. అసలు పిల్లే ఉండదు. తల్లితో పాటు పిల్లని వీడియో కాల్‌లో చూపించని వాళ్లకి రూపాయి కూడా వేయకండి. కాల్‌లో ఉన్నప్పుడే "ఆ పిల్లని ఎడమ చేత్తో ఎత్తండి" లాంటి చిన్న పని చెప్పి చూడండి, పాత వీడియో అయితే అక్కడే తెలిసిపోతుంది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి.

మేనల్లుడో, బావమరిదో ఆ ఊళ్లో చదువుకుంటూ ఉంటే సెలవులకి వచ్చేటప్పుడు తెమ్మనండి. బతిమాలినా తప్పు లేదు. కొత్తవాళ్ల చేతిలో పెట్టడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

దారిలో పిల్ల నీరసపడిపోతే వెంటనే ఏం చేయాలి?

తూలుతూ నడవడం, వణుకు, తల వాల్చేయడం, పిలిచినా పలకకపోవడం ఉంటే చక్కెర పడిపోయి ఉండొచ్చు. గ్లూకోజ్ పొడి గానీ తేనె గానీ వేలితో చిగుళ్లకి రాయండి. నోట్లో పోయొద్దు, స్పృహ సరిగ్గా లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒళ్లు గుడ్డతో చుట్టి వెచ్చగా ఉంచండి. తేరుకున్నా డాక్టర్‌కి చూపించాల్సిందే.

గట్టిగా ఒగరుస్తూ, నాలుక, చిగుళ్లు ఎర్రగా మారి, ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బ. నీడకి తెచ్చి, మామూలు చల్లని నీళ్లతో పొట్ట, కాళ్లు, పాదాలు తడిపి, గాలి తగలనివ్వండి. ఐసు నీళ్లు పోయొద్దు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. 104 దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలి.

చిగురు మీద వేలు పెట్టి చూడండి. తడిగా, గులాబీ రంగులో ఉంటే మంచిదే. జిగటగా అంటుకుంటే నీళ్లు తగ్గాయి. తెల్లగా పాలిపోయి ఉంటే ఇక ఎక్కడా ఆగొద్దు.

బయల్దేరేముందే దారి పొడవునా పశువుల ఆసుపత్రులు ఎక్కడున్నాయో రాసుకోండి. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లకి గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది. ఒడిశాలో జిల్లా కేంద్రాల్లో, సబ్‌డివిజన్ ఊళ్లలో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. 1962 నంబర్ రెండు రాష్ట్రాల్లోనూ పశువుల అంబులెన్స్‌ది. అది ముఖ్యంగా ఆవులు, గేదెల కోసం నడుస్తుంది, అయినా దగ్గర్లో ఏ డాక్టర్ ఉన్నారో అడగడానికి ఫోన్ చేయొచ్చు.

తెచ్చేటప్పుడు ఆటలో మా పాపని గీరింది. చిన్న పిల్లే కదా?

చిన్నదైనా రేబిస్ టీకా పడని పిల్ల. రక్తం రాకుండా గీత పడినా, పళ్లు దిగినా, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కుక్కకాటు ఇంజక్షన్ ఉచితంగానే వేస్తారు. పసుపు, సున్నం, కారం పూయడం మానేయండి. పెద్దవాళ్లు బలవంతం చేసినా ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినొద్దు.

మొదటి రాత్రి ఒకటే ఏడుస్తోంది. వసారాలో కట్టేయాలా?

వసారాలో వద్దు. క్రేట్ మీ మంచం పక్కనే పెట్టండి, తల్లి గుడ్డ అందులోనే ఉండనివ్వండి. ఏడ్చినప్పుడు చెయ్యి కిందికి వేలాడేసి ముక్కుకి తగలనిస్తే ఊరుకుంటుంది. రాత్రి ఒకటి రెండుసార్లు మూత్రానికి లేపాలి. రాగానే స్నానం చేయించొద్దు, వారం పోయాక చూసుకోవచ్చు. చుట్టాలు, వీధిలో పిల్లలు అందరూ ఒక్కసారిగా వచ్చి ఎత్తుకోకుండా మొదటి రెండు రోజులు కాస్త గట్టిగా ఉండండి.

ఇంట్లో ఇంకో కుక్క ఉంది. వెంటనే కలపొచ్చా?

రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. పార్వో సోకిన మూడు నుంచి ఏడు రోజులకి గానీ బయటపడదు. అందుకే వచ్చిన రోజు గంతులేసిన పిల్ల అయిదో రోజు పడిపోవచ్చు. వాంతులు, దుర్వాసనతో నీళ్ల విరేచనాలు, రక్తం కనిపిస్తే ఆ గంటే డాక్టర్ దగ్గరికి. పొద్దున్నదాకా ఆగుదామనుకోవద్దు. వేరే గదిలో ఉన్నప్పుడే ఒళ్లంతా వేళ్లతో తడిమి పిడుదులున్నాయేమో కూడా చూడండి, ముఖ్యంగా చెవుల్లో, వేళ్ల సందుల్లో.

పోయిన ఏడాది మా కుక్కపిల్ల పార్వోతో పోయింది. అదే ఇంటికి కొత్తది తేవచ్చా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులో ఆ బాధ ఇంకా వినిపిస్తుంటుంది. తేవచ్చు, కాస్త పని చేశాక.

ఆ వైరస్ ఎండకి, ఫినాయిల్‌కి, డెట్టాల్‌కి తొందరగా చావదు. మట్టిలో ఏడాది వరకు కూడా ఉండగలదు. గచ్చు, టైల్స్, ప్లాస్టిక్ సామాన్ల మీద దాన్ని చంపేది బ్లీచ్. ముందు సబ్బునీళ్లతో మురికి పోయేలా కడగాలి, మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత బ్లీచ్ ఒక పాలు, నీళ్లు ముప్పై పాళ్లు కలిపి తడిపి, పది నిమిషాలు అలాగే ఉంచి కడిగేయాలి. పాత పరుపు, గిన్నె, బెల్టు, బొమ్మలు పారేయండి. మనసొప్పక దాచుకున్నారేమో, కొత్తదానికి మాత్రం వాడొద్దు. పెరట్లో మట్టిని శుభ్రం చేయడం కుదరదు. అందుకే కొత్త పిల్లకి 16 వారాల డోసు పడి, ఇంకో రెండు వారాలు గడిచేదాకా పెరట్లోకి దింపకండి. వీలైతే ఈసారి టీకాలన్నీ పూర్తయిన నాలుగైదు నెలల పిల్లనే తెచ్చుకోండి. అంత పెద్దదైతే అలవాటు కాదేమోనని భయం వద్దు, నెల తిరిగేసరికి మీ వెనకే తిరుగుతుంది.

రెండో డోసు మా ఊళ్లో దొరకదు. రాయగడ నుంచి కొని తెచ్చుకోవచ్చా?

తేవచ్చు, చల్లదనం పోకుండా తేగలిగితే. కుక్కల టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. జేబులో వేసుకుని బైక్ మీద బిస్సంకటక్ దాకా తెస్తే అది నీళ్లతో సమానం. థర్మాస్‌లో ఐసు ముక్కలు వేసి, టీకా సీసాని గుడ్డలో చుట్టి పెట్టండి. ఐసుకి నేరుగా తగిలి గడ్డకట్టినా పాడవుతుంది. కొనేముందు షాపులో ఫ్రిజ్‌లోంచే తీస్తున్నారా చూడండి, గడువు తారీఖు చదవండి. వేసేది మాత్రం డాక్టరే, సీసా స్టిక్కర్ పుస్తకంలో అంటించి, తర్వాతి డోసు తారీఖు రాయించుకుని రండి.